సీసపు బ్యాటరీకి దొరకిన దారి

విద్యుద్వాహనముల చరిత్రము వ్రాయువారు తఱచుగా మోటారును గూర్చి విస్తరించి, దానికి శక్తినొసగు బ్యాటరీని ఒకటి రెండు వాక్యములతో ముగింతురు. కాని ఆ చరిత్రమున మోటారు ఏనాడును బలహీనమై యుండలేదు. అడిగినంత పని చేయుటకు అది మొదటినుండియు సిద్ధముగనే యుండెను. అడిగినంత ఇయ్యలేక వెనుకబడినది బ్యాటరీయే. దాని శక్తి యెంతయో యెఱిగి, అంతకు తగిన దారిని మాత్రమే కోరిన బండి నిలిచినది; దూరప్రయాణములకు ఆశపడిన బండి చెడినది. గోల్ఫు మైదానములలో చప్పుడు లేక తిరుగు చిన్నబండి మొదటి కోవకు చెందినది గనుకనే దాని కథ చెప్పదగియున్నది.

1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను, నడుమ అడ్డు పెట్టి, చుట్టగా చుట్టి గంధకామ్లమున ముంచి, తిరిగి తిరిగి నింపుకొనదగిన తొలి బ్యాటరీని సాధించెను. అయితే ఆ రేకులు పనికి వచ్చుటకు నెలల తరబడి విద్యుత్తును నింపుచు, తీయుచు నుండవలసివచ్చెడిది. సీసపు ఆక్సైడును ముద్దగా చేసి రేకులకు పూయు విధానమును 1881లో కామిల్ ఫోర్ వెల్లడించుటతో ఆ జాప్యము తొలగి, బ్యాటరీ ప్రయోగశాలను వీడి కర్మాగారమున అడుగు పెట్టెను. ఆ యేడే గుస్తావ్ ట్రూవే పారిస్ నగరమున మూడు చక్రముల విద్యుద్వాహనమును నడిపి చూపెను. 1899 ఏప్రిల్ 29న జెనాట్సీ అను బెల్జియము దేశీయుడు సీసపు బ్యాటరీల బండిపై గంటకు 105.88 కిలోమీటర్ల వేగమందుకొని, భూమిమీద నూఱు కిలోమీటర్ల హద్దును దాటిన తొలి మోటారు బండి చోదకుడాయెను. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారు బండ్లలో 1,575 విద్యుత్తువి, 1,681 ఆవిరివి. పెట్రోలువి 936 మాత్రమే.

ఇంతటి వైభవము అంతరించుటకు కారణములు పలు గలవు. ఊరు దాటిన రోడ్లు బాగుపడినకొలది జనులకు దూరపు ప్రయాణములపై మక్కువ పెరిగెను. 1908లో వెలువడిన ఫోర్డు వారి మోడల్-టి పెట్రోలు కారును సామాన్యునికి అందుబాటులోనికి తెచ్చెను. పెట్రోలు బండికి అప్పటికిని మిగిలియున్న పెద్ద లోపము, ముందు నిలిచి ఇనుపకడ్డీ త్రిప్పి ఇంజనును నడిపింపవలసివచ్చుట. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చబడగా ఆ బాధయు తీరెను. ఆ స్టార్టరును త్రిప్పినది సీసపు బ్యాటరీయే! తనపై ఆధారపడిన బండికి చేటు తెచ్చి, అది ప్రత్యర్థి యింట స్థిరమైన కొలువు సంపాదించుకొనెను. కొన్ని క్షణములు బలముగ విద్యుత్తునిచ్చి, వెనువెంటనే ఇంజనుచే నింపబడు ఆ కొలువుకు పలుచని ప్లేట్లు చాలును. గంటల తరబడి ఖర్చగుచు రాత్రికి మాత్రమే నింపబడు పనికి దళసరి ప్లేట్లు, గట్టి ముద్ద కావలెను. రెండవ జాతి బ్యాటరీ ఇంగ్లండులో తెల్లవాఱుజామున ఇంటింటికి పాలు చేర్చు బండ్లయందును, కర్మాగారముల సామాను బండ్లయందును తలదాచుకొనెను. అవన్నియు కొలిచిన దారులు. పొద్దు గూకునప్పటికి బండి తన కొట్టమునకే చేరును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో పెట్రోలుకు రేషను విధింపబడుటచే విద్యుద్వాహనములపై పలువురి దృష్టి మరల ప్రసరించెను. అట్లు అనుభవము గడించినవారిలో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ నివాసి మెర్ల్ విలియమ్స్ ఒకడు. అతని మార్కెటీర్ సంస్థ 1951లో విద్యుత్ గోల్ఫు బండిని విపణికి తెచ్చెను. 1952లో ట్రోజన్ బ్యాటరీ సంస్థ ఇట్టి బండ్లకై ప్రత్యేకముగ బ్యాటరీని రూపొందించెను. 1954లో జార్జియా రాష్ట్రపు ఆగస్టాలో ఈ-జెడ్-గో సంస్థ వెలసెను. పదునెనిమిది గుంటల ఆట కొన్ని కిలోమీటర్ల నడకతో, నాలుగైదు గంటలలో, అడుగడుగున ఆగుచు సాగునది; రాత్రి యంతయు మైదానము నిర్జనము. బ్యాటరీ బలహీనతలకు ఇంతకన్న అనువైన చోటు మఱొకటి దొరకుట దుర్లభము. క్లబ్బులకు బండి అద్దె ఆదాయమైనది. సంచి మోసి బ్రతికిన క్యాడీలలో పెక్కుమందికి పని పోయినది.

పాతకాలపు బండి సీటు పైకెత్తినచో ఆఱు వోల్టుల బ్యాటరీలు ఆఱు, ఒక్కొక్కటి ఇరువదియెనిమిది కిలోల బరువుతో, మందపాటి తీగలతో వరుసగ కలుపబడి కనిపించును. మొత్తము 36 వోల్టులు. ఆర్మేచరునందును ఫీల్డు చుట్టలయందును ఒకే ప్రవాహము సాగు సీరీస్ మోటారు దీనికి అమర్చబడెను. కదలిక ఆరంభమున అది చూపు బలము అపారము. అది గుంజుకొను ప్రవాహమును అట్టిదే. మనుష్యులతో కలిపి ఆఱువందల కిలోల బండి సమతలమున గంటకు పంతొమ్మిది కిలోమీటర్ల వేగముతో పోవుటకు ఇంచుమించు వేయి వాట్లు, అనగా ముప్పది ఆంపియర్ల లోపు చాలును. నూటికి పది వంతుల వాలుగల మిట్టపై అదే వేగమును కోరినచో ఆ ప్రవాహము నూటయేబదికి చేరును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ప్రవాహము హెచ్చినకొలది బ్యాటరీ మొత్తముగ ఇయ్యగల విద్యుత్తే తగ్గునని 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు పాయ్‌కర్ట్ నిరూపించెను. ఆమ్లము ప్లేట్ల సూక్ష్మరంధ్రములలోనికి చేరు వేగమునకు ఒక మితి గలదు; దానిని మించి లాగినచో పైపొర ఖర్చగును, లోపలి పదార్థము పనికి రాక మిగులును. ఇరువది గంటలపాటు మెల్లగ తీసిన 225 ఆంపియర్-గంటలనిచ్చు బ్యాటరీనుండి 75 ఆంపియర్ల చొప్పున తీసినచో సుమారు 115 నిమిషములకే, అనగా 144 ఆంపియర్-గంటలకే, అది డస్సిపోవును. అందుచేతనే గోల్ఫు బ్యాటరీల వర్తకమున 75 ఆంపియర్ల వద్ద ఎన్ని నిమిషములు నిలుచుననుటయే వాడుకలో నున్న కొలమానమాయెను.

ఈ కారణమున మోటారు వినియోగమున చేసిన ప్రతి సంస్కరణమును బ్యాటరీ మేలుకొఱకే యైనది. తొలినాటి బండ్లలో పెడలు నొక్కినకొలది నిరోధక తీగచుట్టలు ఒక్కొక్కటిగ తప్పింపబడి వేగము హెచ్చెడిది. మెల్లగ పోవునప్పుడు బ్యాటరీ యిచ్చిన శక్తిలో పెద్ద భాగము ఆ చుట్టలలో వేడిమియై వ్యర్థమగుచుండెను. పిదప వచ్చిన ట్రాన్సిస్టర్ కంట్రోలర్లు ప్రవాహమును క్షణమునకు వేలసార్లు తెంచి కలుపుచు, ఆ వ్యర్థమును చాలవఱకు మాన్పెను. ఫీల్డు చుట్టలను వేఱుగ నడపు మోటారులు, ఏసీ మోటారులు వచ్చిన పిమ్మట పల్లమున దిగు బండి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి చెల్లింప నేర్చెను.

అయినను బ్యాటరీ ఆయువు యజమాని అలవాట్లపైననే ఎక్కువగ ఆధారపడియున్నది. మూతలు విప్పి, ప్లేట్లు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరు పోయవలెను. ఆమ్లపు సాంద్రతను కొలుచు హైడ్రోమీటరులో తేలుబుడ్డి 1.270 దాటి నిలిచిననే పూర్తిగ నిండినట్లు. సగము మించి ఖాళీ చేసిన బ్యాటరీని వారముల తరబడి అట్లే విడిచినచో ప్లేట్లపై సీసపు సల్ఫేటు గట్టిపడి, ఎంత నింపినను కరగదు. వాడుక వలన చచ్చిన బ్యాటరీలకన్న వాడక చెడినవి తక్కువేమియు కావు.

ఇప్పుడు లిథియం బ్యాటరీ సీసపుదానిని పెక్కుచోట్ల తొలగించుచున్నది. దాని బరువు తక్కువ. మిట్టపై పెక్కు ఆంపియర్లు గుంజినను అంతగా డస్సిపోదు. హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో సందర్శకులను త్రిప్పు బ్యాటరీ బండియు, సికింద్రాబాదు స్టేషనులో వృద్ధులను ప్లాట్‌ఫారము చేర్చు బండియు ఈ గోల్ఫు బండి వంశమునకు చెందినవే. వాని దారియు గేటుతోనో ప్లాట్‌ఫారముతోనో ముగియునదే. పెట్రోలుతో పందెమునకు దిగి ఓడిన విద్యుద్వాహనము మరల రహదారి కెక్కుటకు సుమారు నూఱేండ్లు పట్టినది. ఆ వ్యవధిలో దాని విద్యను కాపాడినది వేగమునకు రికార్డులు సృష్టించిన రథములు గావు. రాత్రికి ఇల్లు చేరు పాలబండ్లును, గోల్ఫు బండ్లును.