చెరువు ఋణం: మొక్కు, మేర, మరమ్మతు

తెలుగు నేలలో ప్రకృతి పట్ల కృతజ్ఞత ఎలా ఉండేదో తెలుసుకోగోరే చరిత్రకారుడు స్తోత్రాల కన్నా ముందు చెరువు కట్టలను చూడడం మేలు. తెలంగాణ పీఠభూమిలోనూ రాయలసీమలోనూ కొద్ది నెలలు మాత్రమే కురిసే వానను కట్ట వేసి నిలుపుకుంటే తప్ప వరి పండేది కాదు కనుక, అక్కడి రైతు నీటిని తన సొంత ఆస్తిగా గాక తీర్చవలసిన ఋణంగా ఎంచాడు. ఆ ఋణాన్ని కొంత మొక్కుగా, కొంత ధాన్యంగా, కొంత ఒంటి చాకిరీగా తీర్చే ఏర్పాటు శతాబ్దాల పాటు సాగింది.

చెరువు తవ్వించడం మధ్యయుగ దాతల దృష్టిలో సప్తసంతానాలలో ఒకటి. పుత్రుడు, నిధి, దేవాలయం, అగ్రహారం, వనం, కావ్యం, తటాకం అనే ఏడూ మనిషి పోయిన తరువాత కూడా అతని పేరు నిలుపుతాయన్నది ఈ భావన. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తిసముద్రమనే చెరువును కట్టించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమాన్ని నిర్ణయించడానికి చరిత్రకారులు నేటికీ ఆశ్రయించే ప్రధాన ఆధారాలలో ఈ చెరువు శాసనం ఒకటి కావడం గమనించదగినది. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్ప ఆలయానికి చేరువలోనే రామప్ప చెరువు ఉంది. గుడిని, చెరువును ఒకే పుణ్యకార్యంలో భాగాలుగా చూడడం ఆ కాలపు ఆనవాయితీ.

ఈ పుణ్యకార్యం వెనుక ఎంత లెక్క ఉండేదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, మరో పేరు భవదూరుడు, శక సంవత్సరం 1291లో, అంటే 1369లో, వేయించిన ఈ సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్నున్న నేల, మంచినీటి నది, పొడవాటి తిన్నని రాళ్లు దొరికే గని, పని తెలిసిన కూలీల బృందం వాటిలో కొన్ని. వాటి వెంటనే ఆరు దోషాలు వస్తాయి: కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు ఉండడం, చెరువు నడుమ మెట్ట లేవడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. రెండేళ్ల పాటు రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు పనిచేశాయని కూడా అందులోనే ఉంది. నీటి మీద భక్తి ఉన్నచోటనే నీటి మీద శాస్త్రమూ ఉండేదనడానికి ఇంతకన్నా స్పష్టమైన పత్రం దొరకడం కష్టం.

కట్టించినవాడి పేరు రాతి మీద నిలిచింది కాని, చెరువును ఏటేటా బతికించినవాడు తెలంగాణలో నీరడి లేక నీరటి అని, రాయలసీమలో నీరుగంటి అని పిలిపించుకున్న ఊరి పనివాడు. కట్టకు లోపలి వైపు నీటిలో నిలిచే రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ బెజ్జాలున్న అడ్డరాళ్లు, ఆ బెజ్జాల గుండా దిగే పొడవాటి కర్ర, కర్ర చివర కన్నాన్ని మూసే చెక్క బిరడా, ఇవన్నీ కలిస్తే పాతకాలపు తూము. బిరడా ఎంత లేస్తే అంత నీరే పంట కాలువలోకి దిగుతుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు అక్కడికి చేరి బిరడా ఎత్తడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం, వాన రాత్రి కట్ట మీద కాపలా కాయడం అతని విధులు. అందుకు ప్రతిఫలంగా అతనికి కొంత మాన్యం, అంటే పన్ను లేని లేక తక్కువ పన్నున్న భూమి ఉండేది. దానికి తోడు కళ్లంలో ధాన్యం ఇంటికి చేరకముందే ఊరి పనివారికి ఇచ్చే పాలు, అంటే మేర, దక్కేది. అయితే ఈ కృతజ్ఞత అందరికీ సమంగా అందిందనుకోరాదు: చాలా గ్రామాల్లో నీటిని పంచిన ఈ పనివారు దళితులు, వారికే ఊరి బావిలో నీరు తోడుకునే హక్కు ఉండేది కాదు.

పెద్ద మరమ్మతులకు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. సొంత ఖర్చుతో చెరువు కట్టినవారికి, లేదా తెగిన కట్టను బాగుచేసినవారికి, ఆ చెరువు కింద పండే నేలలో కొంత భాగాన్ని, పేరును బట్టి పదో వంతును, ఇనాముగా వదిలేవారు. చెరువును చెడనిస్తే ఆ ఇనాము నిలవదు కనుక, కృతజ్ఞత మనసు మీద మాత్రమే ఆధారపడకుండా నేలతో ముడిపడింది.

మొక్కుల విషయానికి వస్తే, కట్ట మీద వెలసిన కట్టమైసమ్మలూ గంగమ్మలూ ప్రేమతో పాటు భయానికీ గుర్తులు. చెరువు నిండి మత్తడి దూకిన రోజున, అంటే మిగులు నీరు అలుగు మీదుగా పొర్లిన రోజున, ఊరంతా కదిలివచ్చి పసుపు కుంకుమలతో పూజించేది. అదే నీరు కట్టను తెంపితే ఏమవుతుందో కూడా ఊరికి తెలుసు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో తెగబోతున్న కట్టకు ఒక ఇల్లాలు బలి అయిన కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’గా కావ్యం చేశారు. కథకు చారిత్రక ఆధారం ఎంతన్నది వేరే ప్రశ్న. గండి పడుతుందనే భయం ఊరిని ఎంతగా పట్టి ఉండేదో మాత్రం దాని వల్ల తెలుస్తుంది. బతుకమ్మలో ఈ భయం కనిపించదు. విత్తనం వేయకుండానే బీళ్లలో పూచే తంగేడును, గునుగును పేర్చి, ఆడి, చివరకు చెరువులో వదిలే ఈ పండుగలో నేల ఇచ్చినది నీటికే చేరుతుంది. ఆ పూలు నీటిని శుద్ధి చేస్తాయని ఇప్పుడు తరచుగా చెబుతున్నారు గాని, పండుగను గౌరవించడానికి అలాంటి సమర్థన ఏదీ అక్కరలేదు.

ఈస్టిండియా కంపెనీ పాలనలో రెవెన్యూ వసూలుకు దక్కిన శ్రద్ధ పూడికతీతకు దక్కలేదు. గ్రామస్థులు ఆనవాయితీగా చేసే చెరువు పనిని మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో చట్టంతో నిర్బంధం చేయవలసి వచ్చిందంటేనే, అప్పటికి ఆ ఆనవాయితీ ఎంత సడలిందో అర్థమవుతుంది. తెలంగాణలో 1955లోనూ ఆంధ్ర ప్రాంతంలో 1956లోనూ వచ్చిన ఇనాముల రద్దు చట్టాలు భూసంస్కరణగా న్యాయమైనవే; అయితే చెరువు పనికీ మాన్యానికీ ఉన్న ముడిని అవి తెంపాయి, దాని స్థానంలో మరొకటి వేయలేదు. నీటి వినియోగదారుల సంఘాలు 1997 చట్టంతో ఏర్పడ్డాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పూడికతీతను చేపట్టగా, రైతులు ఆ మట్టిని తమ పొలాలకు తోలుకున్నారు. అయినా ఇటీవలి కాలపు రైతుకు తెలిసిన నీటి తీరువా సర్కారు ఖజానాకు చేరిన పన్ను. తూము దగ్గర నిలబడిన మనిషికి కళ్లంలోనే కొలిచి ఇచ్చిన మేరతో అది సాటి కాదు.