ఫిలిప్పీన్ టార్సియర్

ఫిలిప్పీన్స్‌ దేశపు ఆగ్నేయ దీవుల్లో తప్ప మరెక్కడా కనిపించని నిశాచర ప్రైమేటు ఫిలిప్పీన్ టార్సియర్ (కార్లిటో సిరిక్టా). బొహోల్, సమార్, లేటె, మిందనావో దీవుల వర్షారణ్యాల్లోనూ, అడవి నరికిన చోట మళ్లీ చిక్కగా పెరిగిన పొదల్లోనూ ఇది బతుకుతుంది. బరువు 80 నుంచి 160 గ్రాములు. తోక ఒంటి పొడవుకు దాదాపు రెట్టింపు. 1758లో లిన్నేయస్ దీన్ని కోతుల్లో చేర్చాడు. 2010లో కాలిన్ గ్రోవ్స్, మైరాన్ షెకెల్ దీనికి వేరే ప్రజాతిని ఏర్పరచి, బొహోల్‌లో వీటి రక్షణకు పాటుపడిన కార్లిటో పిజారాస్ పేరు పెట్టారు.

ఈ జంతువులో అన్నిటికన్నా విశేషం కళ్లు. ఒక్కో కంటిగుడ్డు వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు దాని మెదడంత. ఇంత పెద్ద గుడ్లు గుంటల్లో తిరగవు కాబట్టి అటూ ఇటూ చూడాలంటే మెడనే తిప్పాలి. ఇరువైపులా దాదాపు 180 డిగ్రీల వరకు తిప్పగలదు. మన శేషాచలం అడవుల్లో తిరిగే దేవాంగ పిల్లి కళ్లు టార్చిలైటు పడితే నిప్పుకణికల్లా మెరుస్తాయి. వెలుతురును వెనక్కి తిప్పే ఆ పొర టార్సియర్ కంటిలో లేదు. దీని పూర్వీకులు పగలు తిరిగేవనీ, తర్వాతి కాలంలో రాత్రి జీవితానికి మళ్లినప్పుడు ఆ పొర లోటును కంటి పరిమాణం భర్తీ చేసిందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

చెవులూ అంతే పదునైనవి. మనిషి చెవికి 20 కిలోహెర్ట్‌జ్ దాటితే ఏమీ వినపడదు. ఈ టార్సియర్ 70 కిలోహెర్ట్‌జ్ దగ్గర కూత పెడుతుందనీ, దాన్ని వినగలదనీ 2012లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మౌనంగా నోరు తెరిచినట్టు కనిపించేది నిజానికి అరుస్తూ ఉండవచ్చు.

మిడతలు, పెంకుపురుగులు, సాలీళ్లు, చిన్న బల్లులే ఆహారం. ఆకూ పండూ ముట్టదు. పొడవాటి మడమ ఎముకల బలంతో ఒక కొమ్మ మీంచి మరో కొమ్మకు దూకి వేటను చేతులతో పట్టుకుంటుంది. గర్భం ఆరు నెలలు. ఒకే పిల్ల, ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. తల్లి దాన్ని నోట కరచుకుని తీసుకెళుతుంది.

అడవుల నరికివేత, పెంపుడు పిల్లులు దీనికి ప్రమాదమే. అయితే మనుషుల ముచ్చటా అంతే హాని చేసింది. బొహోల్‌లో సందర్శకుల ఫొటోల కోసం వీటిని పగటిపూట నిద్రలేపి, చేతులు మార్చి, ఫ్లాష్ వెలుతురు కొట్టేవారు. బోనులో ఇవి ఎక్కువకాలం బతకవు. బెదిరినప్పుడు తలను ఊచలకేసి కొట్టుకుంటాయి. 1996లో ఏర్పడిన ఫిలిప్పీన్ టార్సియర్ ఫౌండేషన్ బొహోల్‌లోని కొరెల్లా దగ్గర అడవిలోనే అభయారణ్యం నడుపుతోంది. 1997లో అధ్యక్ష ప్రకటన ద్వారా ఈ టార్సియర్‌కు ప్రత్యేక రక్షణ లభించింది.

అయినా శ్రద్ధంతా బొహోల్ మీదే ఉంటే చాలదు. 2014 నాటి జన్యు అధ్యయనం ఈ జాతిలో మూడు వేర్వేరు వంశాలను గుర్తించింది. బొహోల్, సమార్, లేటె దీవులవి ఒక వంశం. దినాగట్ దీవి, ఈశాన్య మిందనావోలవి మరొకటి. మిగతా మిందనావోవి మూడోది. దీన్నిబట్టి బొహోల్‌లో ఎన్ని టార్సియర్లను కాపాడినా, దినాగట్, ఈశాన్య మిందనావో అడవులు పోతే ఆ వంశానికి ప్రత్యామ్నాయం ఉండదు.