గిట్ట నుంచి చక్రానికి: జనగామ, మానుకోట, భూపాలపల్లి బాటల మీద బరువు బండ్ల చరిత్ర

ఎడ్లబండిలో చక్రం బరువును మోస్తుందే తప్ప బండిని నడపదు. నడిపే బలం ఎద్దు గిట్ట నేలలో నాటుకున్నప్పుడు పుడుతుంది కాబట్టి, చక్రం పక్కకు జారినా, సగం దాకా దిగబడినా, గిట్టకు పట్టు దొరికినంతసేపు బండి ఎంతో కొంత కదులుతూనే ఉంటుంది. మోటారు వాహనం వచ్చాక ఈ రెండు పనులూ ఒకే చక్రం మీద పడ్డాయి. బరువును మోయవలసిందీ, నేలను పట్టి వాహనాన్ని ముందుకు తోయవలసిందీ ఆ చక్రమే కనుక, నేల పట్టు ఇవ్వని చోట ఎంత పెద్ద ఇంజినయినా నిస్సహాయమవుతుంది. జనగామ, మానుకోట అని జనం పిలిచే మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల రవాణా చరిత్రను ఈ ఒక్క మార్పు వెంబడి చదవవచ్చు. పాలకులూ జిల్లాల సరిహద్దులూ ఎన్నిసార్లు మారినా, ఇక్కడ బండి తోలేవాడు నేలతో పడిన పెనుగులాట మాత్రం తరతరాలుగా సాగుతూనే వచ్చింది.

శీతల దేశాల్లో చక్రానికి పరీక్ష పెట్టేది మంచు అయితే, ఈ మూడు ప్రాంతాల్లో ఆ పని నేల రకాలే చేస్తాయి. జనగామ వైపు ఎక్కువగా కనిపించే ఎర్రచెలక, అంటే గులకతో కూడిన ఎర్రని తేలిక నేల, వాన వెలిసిన కొద్ది గంటలకే గట్టిపడుతుంది. వాగుల ఒడ్డున ఉండే దుబ్బ నేల, అంటే వదులు ఇసుక నేల, ఎండలోనే ప్రమాదకరం, తడిసినప్పుడు నయం. పత్తి, మిరప బాగా పండే నల్లరేగడి తడిస్తే చక్రానికి అంటుకుని పొరలు పొరలుగా పేరుకుని, టైరు గాళ్లన్నీ పూడ్చి, చివరకు చక్రాన్ని నున్నని ముద్దగా మార్చేస్తుంది. ఒకే ప్రయాణంలో ఈ మూడింటినీ దాటవలసి రావడం ఇక్కడి బండివాళ్లకు మామూలు విషయం.

చక్రం కంటే ముందు ఈ దారుల మీద నడిచింది పెరిక. పెరిక అంటే ఎద్దు వీపున ఇరువైపులా వేలాడేలా వేసే జంట గోనెసంచి; దానిని మోసే ఎడ్లను పెరికెడ్లు అన్నారు. కోస్తా నుంచి ఉప్పును లోపలి దక్కనుకు, అక్కడి ధాన్యాన్ని సైన్యాల విడిదులకు చేరవేసిన లంబాడీలు ఈ వృత్తిలో దేశమంతటా పేరు పొందారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, పది పన్నెండు వేల ఎడ్లతో సాగే ఇటువంటి బిడారులను చూసి ఆశ్చర్యపోయాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే మొత్తం దాటిపోయేదాకా బాటసారులు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదని రాశాడు. పెరికెద్దుకు బాటతో పనిలేదు, నాలుగు గిట్టలు మోపే చోటు ఉంటే చాలు. అందుకే రోడ్లూ రైళ్లూ వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్నది ఈ వృత్తే. నేటి మహబూబాబాద్ జిల్లాలో తండాలు ఇంత దట్టంగా ఉండడం వెనక, తిరుగాడే రవాణా వృత్తి చేజారి వ్యవసాయం వైపు మళ్లిన ఒక జాతి కథ ఉంది. దక్కనుకు ఉప్పు పెట్టిన వాళ్లకు ఈ దేశపు రవాణా చరిత్రలో దక్కిన చోటు చాలా చిన్నదని ఇక్కడ చెప్పక తప్పదు.

ఎడ్లబండి ఊరి వృత్తులన్నిటినీ కలిపి కట్టిన యంత్రం. వడ్లాయన నల్లతుమ్మ వంటి గట్టి కర్రతో కుండను, అంటే చక్రం నడుమ ఇరుసు దూరే గుండ్రని దిమ్మను, దాని నుంచి బయలుదేరే ఆకులను, ఆకుల చివరలను కలిపే వంపు ముక్కలైన పూటీలను చెక్కి కూర్చేవాడు. కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోసి చల్లార్చేవాడు. చల్లారి కుంచించుకునే ఆ ఇనుము కర్ర కీళ్లన్నిటినీ బిగించి పట్టేది. గట్టి దారిలో ఈ సన్నని పట్టా బాగా దొర్లేది కాని, దుబ్బలో కత్తిలా కోసుకుంటూ దిగిపోయేది. అటువంటి చోట వెనక బండి ఎడ్లను విప్పి ముందు బండికి అదనంగా కట్టి, దాన్ని ఒడ్డు చేర్చాక రెండు జతలతో తిరిగి వచ్చి వెనక బండిని లాగేవాళ్లు. బండ్లు ఒంటరిగా కాక వరుసగా సాగడానికి అడవి భయం ఎంత కారణమో, ఈ పరస్పర అవసరమూ అంతే కారణం. ఎద్దు గిట్టలకు లాడాలు కొట్టించడం కూడా ఈ పట్టు కోసమే. గట్టి దారిలో గిట్ట అరగకుండా, జారే చోట నిలదొక్కుకునేలా అవి కాపాడేవి.

బండి ఉన్న రైతుకు నిజాం కాలంలో బండే ఒక భారమయ్యేది. వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే బలవంతపు చాకిరీ, మనుషులతో ఆగలేదు. దొర ఇంటి ధాన్యానికీ, ఊరికి వచ్చిన అధికారి సామానుకూ రైతు తన ఎడ్లనూ బండినీ ఉచితంగా పంపవలసి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ, అంటే ప్రభుత్వం నిర్ణయించిన ధరకు తప్పనిసరిగా అప్పగించవలసిన ధాన్యం, ఈ బరువును ఇంకా పెంచింది. అప్పుడు నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్‌పై తిరుగుబాటు రగలడానికి వెట్టి ఒక ముఖ్య కారణం. పాలకుర్తి చాకలి ఐలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా, సంఘం అని జనం పిలిచిన ఆంధ్ర మహాసభ కార్యకర్తలు ఆమె ఇంటికి చేర్చిన ఘటనా, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణత్యాగమూ ఈ నేల మీదివే. పండిన గింజ ఎవరి బండి మీద ఏ ఇంటికి వెళ్లాలన్నది ఆ పోరాటంలో ఎంత మాత్రం చిన్న విషయం కాదు.

రైలు ఈ మూడు ప్రాంతాలనూ ఒకే విధంగా తాకలేదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా సాగిన నిజాం రైలు మార్గం 1889 నాటికి బెజవాడ చేరినప్పుడు జనగామా, మహబూబాబాదూ స్టేషన్లయ్యాయి. ఎడ్లబండి ప్రయాణం అక్కడ స్టేషనుకో, అంగడికో పరిమితమైంది. భూపాలపల్లి వైపు పట్టాలు పడలేదు. గోదావరినే రవాణా మార్గంగా మలచాలని ఆంగ్ల ప్రభుత్వం 19వ శతాబ్దపు నడిమి దశాబ్దాల్లో చేసిన ప్రయత్నం, దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా కాలువా దాకా వచ్చి, పై భాగాన మహదేవపూర్ ప్రాంతపు ఇచ్చంపల్లి రాతి అడ్డంకిని దాటకుండానే 1871లో ఆగిపోయింది. నదీ దారి తెరుచుకోక, రైలు రాక, ఆ అడవి ప్రాంతం మరెన్నో ఏళ్లు ఎద్దునే నమ్ముకుంది.

ఈ నమ్మకం ఎంత పెద్దదో మేడారం దారి చూపుతుంది. రెండేళ్లకు ఒకసారి మాఘశుద్ధ పున్నమికి అక్కడ జరిగే సమ్మక్క సారలమ్మ జాతర చలికాలపు చివరి ప్రయాణం. జిల్లాల విభజన వల్ల మేడారం 2016 అక్టోబరు 11 నుంచి 2019 ఫిబ్రవరి దాకా జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఆ తర్వాత ములుగు జిల్లాకు చేరడంతో, 2018 జాతర ఒక్కటే భూపాలపల్లి జిల్లాలో జరిగింది. జనగామ నుంచి సుమారు 150 కిలోమీటర్లున్న ఈ దారిని రోజుకు 25, 30 కిలోమీటర్లకు మించని ఎడ్లబండి మీద దాటాలంటే పోవడానికే అయిదారు రోజులు పట్టేది. వంట చెరకు, ఎడ్లకు మేత, పిల్లలకు గొంగళ్లు, మొక్కుల మేకలూ కోళ్లూ, భక్తులు బంగారమని పిలిచే బెల్లం బండి మీద ఉండేవి. నిలువెత్తు బంగారం మొక్కిన ఇంటి బండి మనిషి తూకం బెల్లాన్ని అదనంగా మోయాలి. తాడ్వాయి అడవిలో రాత్రి చలి గట్టిగా ఉన్నా, దారికి అసలు గండం జంపన్న వాగు ఇసుక. మాఘం నాటికి నీరు తగ్గి విశాలంగా బయటపడే ఆ ఇసుకలో పై పొర పొడిగా జారుతుంది. బండ్లు నీటి చాలు పక్కనే తడిసి గట్టిపడిన ఇసుకను వెతుక్కుని నడవాలి. మోటారు కాలానికి ముందు ఈ ఎంపిక తెలిసినవాడే బిడారుకు ముందు నడిచేవాడు. జాతర నిర్వహణ 1960ల్లో దేవాదాయ శాఖ చేతికి వచ్చి, 1996లో రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన తర్వాత రోడ్లు, వంతెనలు పెరిగాయి. 2024 జాతరకు ఆర్టీసీ దాదాపు ఆరు వేల బస్సులను ప్రకటించే స్థాయికి రవాణా చేరింది. అయినా మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశపు పూజారులు నేటికీ అడవి దారిన కాలినడకనే తీసుకువస్తారు.

మోటారు ఈ ప్రాంతానికి ముందు బస్సుగా వచ్చింది. నిజాం రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా విభాగం మనుషులను మోసింది కాని, చేను గట్టు మీది మూటను మోయలేదు. ఆ పనికి ముందు టైరుబండి, అంటే ఇనుప పట్టా బదులు గాలి టైర్లు వేసిన ఎడ్లబండి, ఆ తర్వాత ట్రాక్టరు వచ్చాయి. 1980ల నడుమ మార్కెట్లోకి దిగిన డీసీఎం టయోటా వ్యాన్లు, టాటా 407లు మూటను చేను దగ్గర ఎత్తి నేరుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్టులో దించడం నేర్పాయి. 2005లో వచ్చిన, ముప్పావు టన్ను మోసే టాటా ఏస్ ఈ వృత్తి స్వరూపాన్నే మార్చింది. లారీ కొనలేని చిన్న రైతు కొడుకు అప్పు తెచ్చి యజమాని అయ్యాడు. దాని వెంట బొలెరో పికప్‌లు కూడా తండాల దాకా చేరాయి. పెరికెడ్లు తోలిన వాళ్ల వారసుల్లో ఎందరో ఈ వాహనాల డ్రైవర్లుగా మళ్లీ రవాణాలోకి రావడం, ఈ చరిత్రలో సంతోషంగా చెప్పుకోదగిన మలుపు.

అయితే పికప్ నిర్మాణంలో ఒక బలహీనత ఉంది. ఇంజిను బరువు ముందు భాగాన ఉంటుంది, తిప్పే బలం వెనక చక్రాలకు వెళుతుంది. వెనక తొట్టి ఖాళీగా ఉంటే ఆ చక్రాలను నేలకు అదిమే బరువు ఉండదు. దీనికి డిఫరెన్షియల్ తోడవుతుంది. మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి ఇరుసు నడుమ అమర్చిన ఈ పళ్లచక్రాల పెట్టె వల్ల, ఒక చక్రం బురదలో పడితే అదొక్కటే ఉత్తగా గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీది రెండోది కదలకుండా నిలబడుతుంది. ఉత్తర అమెరికాలో పికప్ నడిపేవాళ్లు చలికాలంలో వెనక ఇరుసుపైన ఇసుక బస్తాలు వేసుకునేదీ, మంచు కనుమల్లో టైర్లకు గొలుసులు చుట్టేదీ ఇందుకే. గడ్డకట్టిన మంచు మీద టైరుకు దొరికే పట్టు పొడి తారురోడ్డు మీద దొరికే దానిలో ఏడో ఎనిమిదో వంతుకు మించదు. భూపాలపల్లి రేగడి బాటలో ఖాళీ బండి దిగబడితే నలుగురు కూలీలను వెనక తొట్టిలోకి ఎక్కించడం, చక్రం కింద వరిగడ్డీ కంపా రాళ్లూ వేయడం, ఇసుకలో టైరు గాలి కొంత తీసి దాని అడుగును వెడల్పు చేయడం, రెండో గేరులో క్లచ్చిని మెల్లగా వదలడం కూడా అదే సూత్రంతో పుట్టిన మెళకువలు. ఇవేవీ డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో అడగరు. పెద్ద డ్రైవరు పక్కన క్లీనరుగా తిరిగిన కుర్రవాడు చూసి నేర్చుకుంటాడు, అచ్చం బిడారు ముందు నడిచినవాడి వెనక ఒకప్పటి బండివాడు నేర్చుకున్నట్టు.

ఏ మెళకువకూ లొంగనిది వాగు నీరు. రోడ్డు ఎత్తులోనే కట్టిన లోలెవల్ వంతెనల మీద వరద పొర్లినప్పుడు, నీరు వాహనాన్ని పైకి లేపి దాని బరువును తినేస్తుంది. బరువు తగ్గగానే టైరు పట్టూ పోతుంది కాబట్టి, రెండడుగుల లోతు ప్రవాహం చాలు వాహనాలను పక్కకు నెట్టేయడానికి. ఎద్దు ఇటువంటి చోట మొండికేసి నిలబడేది; ఇంజినుకు ఆ గ్రహింపు లేదు. 2023 జులై 27న వరంగల్‌కు ఈశాన్యాన, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైన ఆ ఉదయమే, భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు వంతెనల మీద పొర్లింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నూట ముప్పై ఏళ్లకు పైబడిన రైలు దారి కూడా నేల జారిపోతే గాలిలో వేలాడవలసిందేనని ఆ రోజు తేలింది.

చలికాలం తిరిగి మిరప ఏరే రోజులు వచ్చాయంటే, మహబూబాబాద్, భూపాలపల్లి చేలకు తెల్లవారకముందే పొగమంచులో కూలీలతో బయలుదేరేవి ఈ పికప్‌లూ ట్రాక్టర్లే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సరుకు వాహనంలో మనుషులను ఎక్కించడాన్ని నిషేధిస్తుంది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తప్పు డ్రైవరు మీదా, ఎక్కిన ఆడకూలీల మీదా పడుతుంది. ఆ వేళకు ఆ చేను గట్టుకు వెళ్లే బస్సు లేదు. మూటకు ఏర్పరచిన దారినే మనిషీ వాడుకోవలసి వస్తున్నది; పొద్దు పొడిచేసరికి చేనుకు చేరకపోతే ఆ రోజు కూలి పోతుంది కనుక, నేల జారుతున్నా, ముందున్నది కనిపించకపోయినా, బండి బయలుదేరుతూనే ఉంది.