స్క్రీన్ ప్రింటింగ్ కడిగిన నీరు: డ్రెయిన్ మూసుకుపోకుండా వడకట్టడం ఎలా?

ఉగాదికి టీషర్టులు, ఇంట్లో పెళ్లికి శుభలేఖలు. గ్యారేజీలోనే స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునేవారికి అసలు ఇబ్బంది ప్రింటింగ్ అయ్యాక మొదలవుతుంది. స్క్రీన్ కడిగిన నీటిలోని మడ్డి పైపుల్లో పేరుకుని డ్రెయిన్‌ను మూసేస్తుంది. టూవూంబాలో ఉండేవారు ఆ నీరు ఎటు పోతుందో కూడా తెలుసుకోవాలి.

నీరు వెళ్లే దారులు రెండు

నగరంలో సింకు నీరు మురుగు పైపుల ద్వారా వెటాల్లా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. వాననీటి డ్రెయిన్ అలా కాదు. వీధి కాలువలో పోసింది శుద్ధి లేకుండానే వాగుల్లో కలుస్తుంది. ఈస్ట్ క్రీక్, వెస్ట్ క్రీక్ కలిసి గౌరీ క్రీక్‌గా మారతాయి. ఆ నీరు కాండమైన్ నది మీదుగా ముర్రే-డార్లింగ్ పరీవాహకంలోకి వెళ్తుంది. అందుకే డ్రైవ్‌వేలో స్క్రీన్లు కడగకూడదు.

ఎందుకు మూసుకుపోతుంది?

గట్టిపడిన ఎమల్షన్‌ను రిమూవర్‌తో తీసినా పూర్తిగా కరగదు. పొరలుగా, పీచులుగా ఊడి పైపు వంపుల్లో ఆగుతుంది. ప్లాస్టిసాల్ ఇంకు నీటిలో కరగదు. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తప్ప గట్టిపడదు కాబట్టి, పైపు గోడకు జిడ్డులా అంటుకుని ఆ పీచును పట్టేస్తుంది.

ఏం చేయాలి?

1. కడిగే ముందే మిగిలిన ఇంకును అట్టముక్కతో గీకి డబ్బాలోకి తీయండి. స్క్రీన్‌ను గుడ్డతో తుడవండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.
2. సింకు రంధ్రంపై సన్నటి స్టీలు జాలీ పెట్టండి.
3. ఆ నీటిని బకెట్‌లో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు దిగుతుంది.
4. పైనున్న తేటనీటిని ముందు 100 మైక్రాన్ల, తర్వాత 25 మైక్రాన్ల ఫిల్టర్ సంచిలో వడకట్టండి. మొదటే సన్న సంచి పెడితే నిమిషాల్లో పూడిపోతుంది.
5. అడుగు మడ్డిని ఆరబెట్టి, ఎక్కడ వేయాలో కౌన్సిల్‌ను అడిగి పారేయండి.

వడపోతకు అందనివి

జాలీ ఘనపదార్థాలనే ఆపుతుంది. రిమూవర్లలో ఎక్కువగా వాడే సోడియం మెటాపీరియోడేట్ నీటిలో కరిగి జాలీ దాటి పోతుంది. దాన్ని కొలత ప్రకారమే వాడండి. అది మంటను పెంచే ఆక్సిడైజర్ కనుక దానితో తడిసిన గుడ్డలను కుప్పగా ఆరనివ్వకండి, సాల్వెంట్ల పక్కన ఉంచకండి.

వ్యాపారంగా చేస్తుంటే ఆ నీటిని మురుగు పైపులోకి వదలడానికి టూవూంబా రీజినల్ కౌన్సిల్ నుంచి ట్రేడ్ వేస్ట్ అనుమతి తీసుకోవాలి. ఫిల్టర్ పెట్టుకున్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. సింకు బిగించే ముందే కౌన్సిల్‌తో మాట్లాడితే, తర్వాత మళ్లీ తవ్వి మార్చే ఖర్చు తప్పుతుంది.