కోకో దీవులు: అనుమానానికీ ఆధారానికీ మధ్య

మాయాబందర్‌కు ఢిల్లీ కన్నా బర్మా దగ్గర. 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు ఆ పట్టణం చెంత వెబీ గ్రామంలో స్థిరపడ్డాయి. వారి సంతతి నేటికీ అక్కడే ఉంది. ఉత్తర అండమాన్ కొస దాటితే కోకో జలసంధి, దానికి ఆవల మయన్మార్‌కు చెందిన కోకో దీవులు. ఇంత చిన్న దీవుల చుట్టూ మన రక్షణ చర్చల్లో అల్లుకున్న అనుమానం మాత్రం చిన్నది కాదు.

1990ల మొదట్లో ఒక కథనం పుట్టింది. గ్రేట్ కోకోలో చైనా నిఘా కేంద్రం నెలకొల్పిందని దాని సారాంశం. ఒకరు రాసింది మరొకరికి ఆధారమై, కథనం చిలవలు పలవలుగా పెరిగింది. 1998లో రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ బహిరంగంగా అదే మాట అనడంతో అది అధికారిక సత్యమై కూర్చుంది. తీరా 2005లో నౌకాదళాధిపతి అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్, అక్కడ చైనా కేంద్రమేదీ లేదని ప్రకటించారు. రాజ్యం ఒక్కటే, మాటలు రెండు. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి పౌరుడి చేతిలో ఏముంది?

ఆ లోటును కొంతైనా తీర్చింది స్వతంత్ర పరిశోధనే. ఆస్ట్రేలియా పండితుడు ఆండ్రూ సెల్త్ 2008 నాటి పత్రంలో ఆ వదంతి పుట్టుపూర్వోత్తరాలను పరిశీలించి, ప్రచారానికి తగిన రుజువు లేదని చూపారు. 2023లో లండన్‌లోని చాథమ్ హౌస్ ప్రచురించిన ఉపగ్రహ చిత్రాల్లో పొడిగించిన రన్‌వే, కొత్త హ్యాంగర్లు కనిపించాయి. వాటి వెనుక చైనా ఉందని ఆ చిత్రాలు రుజువు చేయలేదు. అక్కడ నిర్మాణం సాగుతోందన్నది మాత్రం ఎవరైనా కళ్లారా చూడగలిగారు. ఒక పరిశోధన భయాన్ని తగ్గించింది, మరొకటి అప్రమత్తం చేసింది. రెండూ పాఠకుడి ముందు ఆధారాన్ని పెట్టాయి.

ఆధారం లేనిచోట రాజకీయం చొరబడుతుంది. కోకో దీవులను నెహ్రూ బర్మాకు ధారాదత్తం చేశారన్న ఆరోపణ ఇప్పటికీ వినిపిస్తుంది. 1937లో బ్రిటిష్ పాలకులు బర్మాను భారత్ నుంచి వేరు చేసిన నాడే అవి బర్మా పాలనలో ఉన్నాయన్నది చరిత్ర.

మనకు సంస్థలు లేకపోలేదు. 1965లో ఏర్పడిన రక్షణ అధ్యయన సంస్థ ఐడీఎస్ఏకు నిధులిచ్చేది రక్షణ శాఖే. అయినా దానికి సారథ్యం వహించిన కె. సుబ్రహ్మణ్యం వంటివారు మన వ్యూహాత్మక చింతనకు పునాది వేశారు. ప్రభుత్వ నిధులు తీసుకోవడమే పాపం కాదు, ప్రైవేటు విరాళాలు తీసుకోవడమే పుణ్యమూ కాదు. ఆయుధ వ్యాపారి డబ్బుతో నడిచే సంస్థ స్వతంత్రమెలా అవుతుంది? డబ్బు ఎవరిదో చెప్పాలి, ఆధారం చూపాలి, పొరబడితే ఒప్పుకోవాలి. స్వాతంత్ర్యానికి గీటురాళ్లు ఇవే.

దిగ్లీపూర్ చెంత శిబ్‌పూర్‌లోని నౌకాదళ వైమానిక స్థావరం 2019లో ఐఎన్ఎస్ కోహస్సా అయింది. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ ఢిల్లీలో చర్చించే ప్రతి ముప్పూ చివరకు ఈ దీవుల నేల మీదే రూపు దాల్చుతుంది. అది నిజమో, వదంతో తెలుసుకునే హక్కు మాయాబందర్ వాసులకే ముందుగా ఉంది.