సైనికాభిమానము – యుద్ధవిమర్శ : గోదావరి డెల్టా చరిత్రలో ఒక పరిశీలనము

యుద్ధకాలమున ప్రజలు తమ సైనికుల క్షేమమును కోరుచునే, వారిని యుద్ధమునకు పంపిన ప్రభుత్వ నిర్ణయమును ప్రశ్నింపవచ్చునా? ఈ ప్రశ్నకు కాదనువారు ప్రతి దేశమునందును, ప్రతి యుద్ధమునందును కనబడుదురు. రణరంగమున ఉన్నవానికి వెనుకనున్న జనుల ఏకకంఠమే బలమనియు, ప్రశ్న వినబడినంతనే ఆ బలము సడలుననియు వారి వాదము. ఈ వాదము తెలుగువారి అనుభవమునకు ఎంతవరకు సరిపోవునో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకు మేము గోదావరి డెల్టాను, అందును మండపేట పరిసరమును కేంద్రముగా గ్రహించితిమి. పరిశీలింపబడు కాలము 1914 మొదలు 1963 వరకు.

ఈ ప్రాంతమును ఎన్నుకొనుటకు కారణము కలదు. రామచంద్రపురమునకును ద్వారపూడికిని నడుమనున్న మండపేట, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీటితో పండిన మాగాణి నడుమ వృద్ధిపొందిన ఊరు. వరి పంటకును బియ్యపు వ్యాపారమునకును ప్రసిద్ధి చెందినది. మద్రాసు–కలకత్తా రైలుమార్గము దాని చేరువనున్న ద్వారపూడి మీదుగా పోవును. కాకినాడ రేవు ఒక్కపూట ప్రయాణములో కలదు. కోరంగి రేవు పేరిటనే బర్మావారు తెలుగు వలసకూలీలను కోరంగీలని పిలిచిరి. ఇట్లు ధాన్యము, రైలు, సముద్రము అను మూడుదారుల వెంట దూరదేశపు యుద్ధము డెల్టా గ్రామమునకు నడచివచ్చెను. నాలుగవదారి సిపాయి. పశ్చిమ డెల్టా వైపున తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరము 'మిలిటరీ మాధవరము'గా పేరొందినది. రెండు ప్రపంచయుద్ధములందును ఆ గ్రామస్థులు సైన్యములో పనిచేసిరి.

యుద్ధము చేయువానిని గౌరవించుట, యుద్ధము తెచ్చినవానిని నిలదీయుట అనునవి రెండు వేరు విషయములను భావన మనకు పాశ్చాత్య రాజనీతి నేర్పినది కాదు. రాజమహేంద్రవరమున నన్నయ ఆరంభింపగా తిక్కన కొనసాగించిన భారతమే అందుకు మొదటి పాఠము. దుర్యోధనుని నిర్ణయము అధర్మమని భీష్మద్రోణులకు తెలియును. సభలో ఆ మాట చెప్పిరి. ఐనను యుద్ధము వచ్చినప్పుడు వానిపక్షముననే నిలిచిరి. కౌరవుల అర్థమునకు తాను బద్ధుడనని భీష్ముడు ధర్మరాజుతో చెప్పుట భారతకథలో ప్రసిద్ధము. జీతము తిన్న సిపాయి మనఃస్థితికి ఇంతకంటె పూర్వోదాహరణము దొరకదు. కథ వినువాడు భీష్మునకు నమస్కరించును, దుర్యోధనుని దూషించును. ఈ రెంటికిని వైరుధ్యమున్నట్లు వానికి తోచదు. పలనాటి వీరగాథయు ఇట్టిదే. 12వ శతాబ్దమున కారెంపూడి రణమున పడినవారు నేటికిని వీరులుగా ఆరాధింపబడుచున్నారు. ఆ రణమును తెచ్చిపెట్టిన మంత్రుల ఆలోచనమును, కోడిపందెమును మాత్రము జనులు మెచ్చుకొనరు. వీరుని శిల వీరునికే. రాజు నిర్ణయమునకు కాదు.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. కంపెనీ కాలమున మద్రాసు సైన్యములో తెలుగు సిపాయిలు విశేషముగా నుండిరి. 19వ శతాబ్దము చివర 'యుద్ధజాతుల' సిద్ధాంతము బలపడగా దక్షిణాది దళములు తగ్గింపబడెను. పంజాబీలకును గూర్ఖాలకును ప్రాధాన్యము హెచ్చెను. ఐతే మహాయుద్ధములు వచ్చి జనుల అవసరము కలిగినప్పుడెల్ల యుద్ధజాతులు కానివారి గ్రామములకు కూడ ప్రభుత్వము చేయిచాచెను. 1914–18 యుద్ధమున 13 లక్షలకు మించిన భారతీయులు పనిచేసిరి. 70 వేలకు పైగా మరణించిరి. వారిని పంపు నిర్ణయమున ఆ 13 లక్షలలో ఒక్కనికిని, వారి గ్రామములలో ఒక్కదానికిని ప్రమేయము లేదు. మన చర్చకు మూలమైన విషయము ఇదియే.

ఆ యుద్ధకాలమున జాతీయనాయకులు ప్రభుత్వమునకు తోడ్పడుటయే మేలని తలచిరి. 1918లో గాంధీమహాత్ముడు స్వయముగా ఖేడా జిల్లాలో సైన్యమునకు జనులను చేర్పింప పూనుకొనెను. యుద్ధము ముగిసిన మరుసటి యేడు దానికి ప్రతిఫలముగా రౌలటు చట్టమును, జలియన్‌వాలాబాగును లభించెను. సైనికుని త్యాగమును చూపి ప్రశ్నను వాయిదా వేసినచో ఆ త్యాగఫలము సైనికునికిగాని, వాని జనులకుగాని దక్కదను అనుభవము అప్పుడు కలిగినది. 1939 నాటి వైఖరిని అర్థము చేసికొనుటకు ఈ అనుభవము ముఖ్యము.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో, ప్రజాప్రతినిధులలో ఎవ్వరిని సంప్రతింపకయే, భారతదేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. యుద్ధలక్ష్యములేమో, అవి భారతదేశమునకు ఎట్లు వర్తించునో తెలుపుమని కాంగ్రెసు అడిగెను. సంతృప్తికరమైన సమాధానము రాకపోగా అక్టోబరులో మద్రాసు మంత్రివర్గము రాజీనామా చేసెను. ఇక్కడ గమనింపదగిన దేమన, కాంగ్రెసు నాజీలపట్ల సానుభూతి చూపలేదు. 1940 జూలైలో స్వాతంత్ర్యమును గుర్తించి జాతీయప్రభుత్వము నేర్పరచినచో దేశరక్షణలో పాల్గొందుమనియు చెప్పెను. వివాదము యుద్ధమున ఎవరు గెలువవలె ననుటను గురించి కాదు. యుద్ధమును ఎవరు నిర్ణయింపవలె ననుటను గురించి.

1940 అక్టోబరు 17న వినోబా భావేతో వ్యక్తిసత్యాగ్రహ మారంభమయ్యెను. బ్రిటిషు యుద్ధప్రయత్నమునకు జనమునుగాని ధనమునుగాని ఇచ్చుట తప్పు అని బహిరంగముగా పలికి సత్యాగ్రహి చెరసాలకు పోవలెను. అధికారులకు ముందుగా తెలిపి ఒక్కొక్కరే పోవలెను. ఆంధ్రమునను పలువురు ఇట్లు పోయిరి. దేశమంతటను 1941 మధ్యనాటికి ఇరువదివేలకు మించిన సత్యాగ్రహులకు శిక్షలు పడినవి. వారిని 1941 డిసెంబరులో విడుదల చేసిరి.

ఈ ఉద్యమముపై ఒక ఆక్షేపణ నిజముగా బలమైనది. జనధనములు వలదన్నచో, అప్పటికే ఆఫ్రికా ఎడారులలో పోరాడుచున్న తెలుగు సిపాయికి తోడెవ్వరు? వాని తుపాకికి మందెవ్వరిత్తురు? దీనిని కొట్టివేయుట న్యాయము కాదు. ఐనను ఉద్యమస్వరూపమును పరిశీలించినచో రెండు విషయములు తేలును. మొదటిది, గుంపులుగా పోవుటకు వీలున్నను ఒక్కొక్కరినే పంపుటలో, యుద్ధమున చిక్కియున్న ప్రభుత్వమును కుంగదీయగూడదను నియమము కలదు. రెండవది, ఆ మాట సేనలో నున్నవానికి చెప్పినది కాదు. ఇంక చేరనివానికిని, చందా అడుగుచున్న అధికారికిని చెప్పినది. సిపాయిని ద్రోహి యనలేదు, పారిపొమ్మనలేదు. ఆక్షేపణ దీనితో పూర్తిగా తీరినదని మేమనము. దాని తీవ్రత తగ్గినదని మాత్రము చెప్పవచ్చును.

1942లో యుద్ధము గుమ్మములోనికి వచ్చెను. మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మాలో బ్రతుకుచున్న వేలాది తెలుగువారు అడవులవెంట, కొండలవెంట కాలినడకన బయలుదేరిరి; అనేకులు దారిలోనే మరణించిరి. ఖాళీచేయు ఏర్పాట్లలో ఐరోపీయులకొక దారి, భారతీయులకొక దారి చూపిరను ఆక్షేపణ దేశమంతట వినవచ్చెను. ఏప్రిల్ 6న కాకినాడమీదను విశాఖపట్టణముమీదను జపాను విమానములు బాంబులు వేసెను. బర్మా బియ్యము రాక నిలిచిపోవుటతో డెల్టా ధాన్యమునకు ఒత్తిడి హెచ్చెను. మండపేటవంటి వరి పండు చోట్ల ఇక యుద్ధము వార్తాపత్రికలోని విషయము కాదు. ఇప్పుడు ప్రభుత్వమును ప్రశ్నించుట మరింత కష్టము, మరింత అవసరము కూడ. రక్షింతుమని చెప్పి యుద్ధములోనికి దించినవారు రంగూనులో రక్షింపలేకపోయిరి గదా!

ఆ ఆగస్టులో వెలువడిన క్విట్ ఇండియా ఉద్యమమును చాలమంది యుద్ధప్రయత్నమునకు అడ్డుతగులుటగానే వర్ణించిరి. మూలపత్రములు ఈ వర్ణనకు పూర్తిగా అనుకూలింపవు. జూలై 14న వార్ధాలో కార్యవర్గము చేసిన తీర్మానమే, జపాను దాడిని ఎదుర్కొనుటకు మిత్రరాజ్యముల సేనలు ఈ దేశములో నుండుటకు కాంగ్రెసు సమ్మతించునని చెప్పెను. ఆగస్టు 8న బొంబాయిలో మాట్లాడుచు గాంధీజీ సైనికులను ఉద్యోగము విడువుమని అడుగలేదు. హృదయము కాంగ్రెసుతో నున్నదని ప్రభుత్వమునకు తెలుపవలెననియు, న్యాయమైన ఆజ్ఞలను పాలింపవలెననియు, స్వజనులపై కాల్పులకు మాత్రము నిరాకరింపవలెననియు కోరెను. సైనికుని విధికిని పౌరుని మనస్సాక్షికిని నడుమ గీచిన గీత ఇంత స్పష్టముగా మరియొకచోట కనబడదు.

ఈ సందర్భమున డెల్టాకు చెందిన ఇరువురిని పేర్కొనవలెను. మండపేట చేరువనున్న దుళ్లలో జన్మించిన బులుసు సాంబమూర్తి 1937 నుండి మద్రాసు శాసనసభాధ్యక్షుడు. 1942లో ఆ పదవిని వదలి ఉద్యమమున చేరెను. కోనసీమవాడగు కళా వెంకటరావు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శి. 1942 జూలైలో జిల్లాలకు పంపిన కార్యక్రమము 'ఆంధ్ర సర్క్యులర్' పేరిట ప్రసిద్ధము. తంతితీగలు తెంపుట మున్నగు తీవ్రకార్యములు అందుండుటచే ప్రభుత్వము దానిని కాంగ్రెసుపై సాక్ష్యముగా ప్రకటించెను. ఐతే ఆ పత్రమే రైలుపట్టాలు తొలగింపరాదనియు, ప్రాణాపాయము కలుగరాదనియు హెచ్చరించినది. ద్వారపూడి మీదుగా పోవు బండ్లలో కూలీలతోపాటు తూర్పు సరిహద్దునకు పోవు సిపాయిలును ఉందురని స్మరించినచో, ఆ హెచ్చరికకు మన విషయముతో గల సంబంధము తెలియును. ఉద్యమావేశములో ఆ గీత అన్నిచోట్ల నిలువలేదన్నది వేరు మాట. ప్రభుత్వమును నిలువరింపవలెను, మనుష్యుని ప్రాణము తీయగూడదను విచక్షణ కాగితముపైనైన నుండినది.

ఆనాడు భిన్నమార్గము నవలంబించినవారును కలరు. రాజాజీ క్విట్ ఇండియాకు అంగీకరింపక, జాతీయప్రభుత్వ మేర్పరచి దేశరక్షణకు పూనుకొనవలెననెను. 1942 జూలైలో నిషేధము తొలగిన కమ్యూనిస్టుపార్టీ యుద్ధమును ప్రజాయుద్ధమని సమర్థించుచు, నాయకుల విడుదలను, జాతీయప్రభుత్వమును కోరెను. ఒకరు యుద్ధమును సమర్థించి ప్రభుత్వమును ప్రశ్నించిరి. ఒకరు యుద్ధనిర్ణయమునే ప్రశ్నించిరి. ఇరువురును పరస్పరము తీవ్రముగా నిందించుకొనిరి. కాని సిపాయిని నిందించినవారు ఇరుపక్షములందును ప్రధానముగా కనబడరు.

యుద్ధాంతమునకు భారతసైన్యము 25 లక్షలకు చేరెను. సుమారు 87 వేలమంది అసువులు బాసిరి. 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ ప్రారంభముకాగా కాంగ్రెసు వారి రక్షణకు న్యాయవాదులను నియమించెను. అదేకాలమున జావాలో ఇండొనేషియా స్వాతంత్ర్యవాదులపై భారతసైనికులను ప్రయోగించుటను నాయకులు గట్టిగా ఖండించిరి. ఖండన పంపినవారికి, సానుభూతి పంపబడినవారికి. సురబయా వీథులలో ప్రాణములొడ్డిన సిపాయి, తన ఇంటివారు కోరుచున్న స్వాతంత్ర్యమునే మరొకరి కాకుండ చేయుటకు వినియోగింపబడెను. ఆ దురవస్థనుండి వానిని తప్పింపగలిగినది మౌనము కాదు, ప్రశ్నయే.

పరప్రభుత్వమును ప్రశ్నించుట సులభము. స్వప్రభుత్వమును ప్రశ్నించుటలోనే అసలు పరీక్ష కలదనవచ్చును. ఆ పరీక్ష 1962లో వచ్చెను. అక్టోబరు 20న చైనా దాడి, 26న అత్యవసర పరిస్థితి ప్రకటన. గ్రామగ్రామమున రక్షణనిధికి ధనమును, స్త్రీలు మెడలోని బంగారమును ఇచ్చిరి. నవంబరు 14న పార్లమెంటు ఏకగ్రీవముగా దేశరక్షణ తీర్మానము చేసెను. ఆ యేకాభిప్రాయము నడుమనే ప్రశ్నయు లేచినది: చలిదుస్తులు చాలక, ఆయుధములు చాలక, హిమాలయ శిఖరములకు సైనికులను పంపిన నిర్ణయమెవరిది? నిడుబ్రోలువాసి ఆచార్య రంగా నాయకత్వము వహించిన స్వతంత్రపార్టీ మొదలగు ప్రతిపక్షములే కాదు, అధికారపక్ష సభ్యులును అడిగిరి. రక్షణమంత్రి కృష్ణమీనన్ నవంబరు 7న మంత్రివర్గమును వీడవలసివచ్చెను. 1963 ఆగస్టులో కృపలానీ లోకసభలో తొలి అవిశ్వాసతీర్మానమును ప్రతిపాదించెను. అది 62–347 ఓట్లతో వీగిపోయెను. వీగిపోయినను, ప్రశ్న సభలో అడుగబడినది, ప్రధాని సమాధానమిచ్చెను. దేశమునకు దానివలన నష్టము కలుగలేదు. తదనంతరము సైన్యమును విస్తరించి సన్నద్ధము చేయుటకు ఆ విమర్శయు ఒక కారణము. కాగా ఓటమిని విచారించిన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికను ప్రభుత్వము పూర్తిగా ప్రకటింపలేదు. సైనికుడు సరిహద్దున ప్రాణమిచ్చి చూపినదానిని కాగితము దాచిపెట్టినది.

ఈ అర్ధశతాబ్ది చరిత్రనుండి తేలు నిర్ణయములు మూడు. ఒకటి, సైనికాభిమానమును యుద్ధవిమర్శను విడదీయుట మన సంప్రదాయమునకు పరాయిది కాదు. రెండు, విమర్శ లేనిచోట సైనికునికి మేలు జరిగెననుటకు ఆధారము కనబడదు. 1918 నాటి విశ్వాసము, 1962కు ముందరి అలక్ష్యము ఇందుకు సాక్ష్యములు. మూడు, విమర్శకునికి కూడ ఒక హద్దు కలదు: నిర్ణయించినవానిపై చూపవలసిన కోపమును ఆజ్ఞ పాలించినవానిపై చూపరాదు, వాని ప్రాణమునకు అపాయము తేరాదు. ఈ హద్దు దాటిన విమర్శ తన న్యాయమును తానే పోగొట్టుకొనును.

ఇంతవరకు మేము చెప్పినది ప్రధానముగా తీర్మానములను, నాయకులను ఆధారముగా గొని చెప్పినది. సిపాయి మాట ఇందు తక్కువ. మాధవరమువంటి గ్రామములలోని కుటుంబముల జ్ఞాపకములు, భద్రపరచిన జాబులు, పతకములు, పింఛను పత్రములు, బర్మానుండి నడచివచ్చినవారి సంతతి చెప్పు కథలు, పెండ్లిపాటలలోను ఏడ్పుపాటలలోను మిగిలిన సిపాయి ప్రస్తావనలు సేకరింపవలసియున్నవి. ఇది చరిత్రశాఖకెంతో తెలుగుశాఖకును అంత కర్తవ్యము. కొడుకు క్షేమముగా రావలెనని మ్రొక్కిన తల్లి, వానిని పంపిన దొరను ఏమన్నదో తెలిసినప్పుడు గాని ఈ చరిత్ర పూర్తికాదు.