పలకల డబ్బు ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు బడి బోర్డు మీద ఎక్కువగా కనిపించేవి రెండే పేర్లు: మండల పరిషత్, జిల్లా పరిషత్. 1959 చట్టంతో బళ్లు పంచాయతీ సమితుల చేతికి, జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. 1986 చట్టం సమితుల్ని తీసేసి మండలాల్ని పెట్టింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలు విద్యా సెస్సు వేసుకోడానికి వీలిచ్చింది.

ఇదంతా జీతాలు, గోడల సంగతి. చాక్‌పీసులు, చార్టులు, పలకలు మాస్టారు తన ఇష్టప్రకారం కొనుక్కునే డబ్బు చాలా ఆలస్యంగా వచ్చింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు సామాను పంపింది గానీ ఎంపిక పైవాళ్లదే. 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్ కింద టీచరుకు ఏడాదికి 500, బడికి విడిగా కొంత గ్రాంటు అందేవి. ఐదొందలతో ఏడాదంతా బోధనోపకరణాలు! నవ్వొచ్చినా, ఏం కొనాలో మాస్టారే తేల్చుకునే సొమ్మది.

ఆ సొమ్ముతో చదువు పెరుగుతుందా? దీన్ని తేల్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఓ పెద్ద పరీక్ష జరిగింది. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు ఐదు జిల్లాల్లో 500 బళ్లను తీసుకుని, చీటీలు వేసినట్టు విడగొట్టారు. కొన్నింటికి నోటుపుస్తకాలు, పలకలు, చార్టుల కోసం గ్రాంటిచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు పెరగలేదు. బడే కొంటుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు! వాళ్లను తప్పుపట్టలేం; మిగిలిన రూపాయి ఇంట్లో ఇంకో అవసరానికి వెళ్తుంది. అదే పరీక్షలో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బళ్లలో మాత్రం ఫలితం నిలిచింది. ఆ మాట ఉపాధ్యాయ సంఘాలకు రుచించదు, నాకూ కాస్త భయమే: పరీక్షకు రానిది బడిలో చెప్పేదెవరు?

2018లో సమగ్ర శిక్ష వచ్చి చిన్న గ్రాంటులన్నిటినీ కలిపేసింది. తర్వాత సవరించిన లెక్క ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలుంటే బడికి ఏడాదికి 25,000. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థి పేరిట 15,000 కేటాయించి, అందులో 2,000 బళ్ల నిర్వహణకు పట్టుకున్నారు. అంటే నలభై మందున్న బడిలో, అందరూ అర్హులైతే, తల్లుల ఖాతాల్లో పడేది 5,20,000; హెడ్మాస్టారి చేతికొచ్చే గ్రాంటు 25,000.